రాకకై కాచుకొను నెల



మా ఖాజీపేట ప్రాంతమున కర్నూలు-కడప కాలువ నీటిచే పండు పైరులలో పసుపు ముఖ్యమైనది. జ్యేష్ఠాషాఢములలో నాటిన కొమ్ము మాఘఫాల్గుణములకు గాని త్రవ్వుటకు రాదు. ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండవలసినదే. ఈ డిసెంబరు నెలలో గట్టుమీద నిలిచి చూచువారికి పండబారుచున్న యాకులు తప్ప మరేమియు కనబడదు. పంట యంతయు మంటి క్రింద నున్నది. తాళలేక పెల్లగించి చూచినవాడు పంటను పోగొట్టుకొనును. ఇంకను రెండు నెలలున్నవి గదా యని చేనిని మరచినవాడును పోగొట్టుకొనును. త్రవ్వరాదు, మరువరాదు. ఈ రెంటి నడుమ మనస్సును నిలుపుటయే నిరీక్షణము. ఇది యెంత కష్టమో స్త్రీలమగు మనకు వేరొకరు చెప్పనక్కరలేదు.

క్రీస్తుజయంతికి ముందు నాలుగు ఆదివారములతో కూడిన కాలమును మా కతోలిక శ్రీసభ ఆగమనకాలమని వ్యవహరించును. ఆగమనమనగా రాక. ఈ మాసమున దానినిగూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. నాచే దీనిని వ్రాయించుచున్నది పోయిన యేడు మా ప్రక్కింటి యిల్లాలు నన్నడిగిన యొక ప్రశ్న.

ఆమె నాకంటె వయస్సున పెద్దది. నేనామెను అత్తా యని పిలుతును. ఆమె నన్ను అయ్యవారమ్మా యని పిలుచును. మతము వేరైనను మా రెండిండ్ల నడుమ గోడ యొక్కటియే. ధనుర్మాసము వచ్చినదన్న తెల్లవారుజాముననే లేచి, ముంగిట కల్లాపి చల్లి, ముగ్గు తీర్చి, దేవుని కడప వేంకటేశ్వరస్వామికి మ్రొక్కుకొనిన పిదప గాని ఆమె పొయ్యి వెలిగింపదు. ఆమె కొక్కతే కూతురు. ఆ కూతురు ఇంటిపనికై కువైటు దేశమునకు వెళ్ళి అప్పటికి మూడేండ్లు దాటినవి. రెండేండ్లకు వత్తునని చెప్పి పోయినది. మా కడప జిల్లాలో ఇట్టి యిల్లు లేని యూరు అరుదు. ఆ కూతురి బిడ్డ, ఆరేండ్ల పిల్ల, అవ్వ యొద్దనే పెరుగుచున్నది.

ఆగమనకాలపు మొదటి ఆదివారము సాయంకాలము ఆ యవ్వయు మనుమరాలును పాలలోనికి తోడు కొరకు మా యింటికి వచ్చిరి. వెడల్పైన యిత్తడి పళ్ళెములో వేప రెమ్మలను, మామిడి రెమ్మలను గుండ్రముగ నమర్చి, నాలుగు కొవ్వొత్తులను నిలిపి, అందొక్కదానినే వెలిగించి యుంచితిని. అత్త కొంతసేపు చూచి యిట్లనెను: "అయ్యవారమ్మా! మీ పండుగ యిరువదియైదవ తేదీని గదా! ఇప్పటినుండి యీ యేర్పాటెందులకు? పెట్టినవి నాలుగు, వెలిగించినది యొకటి. తక్కినవానికేమి వచ్చినది?"

తక్కిన మూడును తమ వంతుకై కాచుకొనియున్నవని చెప్పితిని. పిదప నాకు తెలిసినంత వివరించితిని. చదువరులకును దానినే చెప్పెదను.

నవంబరు 30వ తేదీన వచ్చు పునీత అంద్రెయ పండుగకు మిక్కిలి దగ్గరనున్న ఆదివారమున ఆగమనకాలము ప్రారంభమగును. ఆ ఆదివారము నవంబరు 27కు ముందు గాని డిసెంబరు 3కు తరువాత గాని రాదు. కావున నీ కాలము ఒకయేడు 22 దినములు మాత్రమే యుండును. మరియొకయేడు 28 దినముల వరకు సాగును. శ్రీసభకు సంవత్సరాది ఆ దినమే గాని జనవరి ఒకటవ తేదీ కాదు. ఏడాదిని పండుగతో గాక యెదురుచూపుతో మొదలిడుట నాకు చిన్ననాటినుండియు వింతగను ప్రియముగను తోచును. ఈ దినములలో గురువులు ఊదారంగు వస్త్రములు ధరింతురు. ఆదివారపు పూజలో పాడవలసిన మహిమగీతమును పాడక, క్రీస్తుజయంతి రాత్రికై దాచి యుంతురు. అయినను ఇది తపస్సుకాలము వంటిది కాదు. తపస్సుకాలమున అల్లెలూయా యను మాటయే వినబడదు. ఆగమనకాలమున దానిని విడువరు. మూడవ ఆదివారమున ఊదారంగు గులాబిరంగుగా మారవచ్చును. ఇల్లు చేరనున్న బాటసారికి ఊరి దీపములు కనబడినట్లుండును.

ఆ కొవ్వొత్తుల చక్రము మా కతోలికుల కల్పన కాదని కూడ చెప్పవలెను. హాంబుర్గు నగరమున బీదపిల్లలను చేరదీసి పోషించిన యోహాన్ వీచెర్న్ అను లూథరన్ బోధకుడు దీనిని 1839లో నేర్పరచెను. పండుగ యెప్పుడు, పండుగ యెప్పుడని పిల్లలు దినదినము నడుగుచుండగా నాయన యొక బండిచక్రమును దెచ్చి, ఆదివారములకు నాలుగు పెద్ద కొవ్వొత్తులను, తక్కిన దినములకు చిన్నవానిని దానిపై నిలిపి, దినమున కొక్కటి వెలిగింపసాగెను. పిల్లలకు కాలము కంటికి కనబడెను. తరువాత నాలుగు పెద్దవి మాత్రము మిగిలి, సంఘభేదము లేక దేశదేశముల యిండ్లకు వ్యాపించినది. అచ్చట దేవదారు రెమ్మలు. ఇచ్చట మనకు వేపయు మామిడియు.

ఇది విని అత్త గోడపైనున్న దేవమాత పటమును చూపి, "ఈ మరియమ్మ మీకు అమ్మవారా?" యని యడిగెను. ఈ ప్రశ్నను నేను పలుమారు విన్నాను. కాదు. మేమారాధించునది సర్వేశ్వరుని మాత్రమే. మరియమ్మను గాని పునీతులను గాని వేడుట, మా కొరకు దేవుని ప్రార్థింపుడని వారి నడుగుటయే. మామగారితో తాను చెప్పలేని మాటను అత్తగారిచేత చెప్పించు కోడలు, అత్తగారినే యింటి యజమానియని యెంచుట లేదు గదా! ఆమె మాట చెల్లునని నమ్ముచున్నది, అంతియే.

డిసెంబరు 8వ తేదీన వచ్చు అమలోద్భవిమాత పండుగను గూర్చి మాలోనే పెక్కుమంది పొరబడుదురు. యేసునాథుడు కన్యకు పుట్టుటను గూర్చిన పండుగయని వారి తలంపు. అది వేరు. ఈ పండుగ మరియమ్మ తన తల్లి అన్నమ్మ కడుపున పడిన దినమును గూర్చినది. రాబోవు కుమారుని పుణ్యఫలమును ముందుగనే యామెకు వర్తింపజేసి, ఆ తొలి క్షణమునుండియే జన్మపాపపు మరక ఆమె కంటకుండ దేవుడు కాపాడెనని సిద్ధాంతము. తొమ్మిదవ పీయూసు పోపుగారు 1854 డిసెంబరు 8న దీనిని విశ్వాససత్యముగ ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1858లో, ఫ్రాన్సు దేశపు లూర్దు గ్రామమున బెర్నదెత్ అను బీదపిల్లకు దర్శనమిచ్చిన తల్లి తన పేరును ఈ సిద్ధాంతపు మాటలతోనే తెలిపెనందురు. విజయవాడ గుణదల కొండకు ఏటేట ఫిబ్రవరి నెలలో తరలిపోవు లక్షలాది తెలుగువారు కొలుచునది ఆ లూర్దుమాతనే.

గృహిణులకు రుచించు మాట మరియొకటి గలదు. డిసెంబరు 8న గర్భమున పడిన మరియమ్మకు జన్మదినోత్సవము సెప్టెంబరు 8. సరిగా తొమ్మిది నెలలు. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ మార్చి 25. క్రీస్తుజయంతి డిసెంబరు 25. మరల తొమ్మిది నెలలు. అప్పటికే యామె బంధువు ఎలిశబేతమ్మకు ఆరవ నెల. ఆమె కుమారుడు యోహాను జన్మదినోత్సవము జూన్ 24. మహాపండితులు కూర్చిన పంచాంగమే కావచ్చును, కాని దాని లెక్కలన్నియు చూలాలు వ్రేళ్ళపై లెక్కించుకొను నెలల లెక్కలే! పసుపుచేని లెక్కయు అదియే గదా యని అత్త నవ్వెను.

నవ్వి, లేచి, గడప దగ్గర నిలిచి, ఆమె అన్న మాట నన్ను నిరుత్తరను జేసినది. "అయ్యవారమ్మా! వచ్చునని తెలిసినదానికై కాచుకొనుట యొక గొప్ప కాదు. పసుపునకు మాఘమాసమున్నది. చూలాలికి తొమ్మిది నెలలున్నవి. మీ పండుగకు తేదీయున్నది. తేదీ లేనివారు ఎట్లు కాచుకొనవలెనో మీ పుస్తకములో నున్నదా?"

నే నేమియు చెప్పలేకపోతిని. తోడు గిన్నె పట్టుకొని యామె వెళ్ళిపోయెను.

మొదటి ఆదివారము వెనువెంట వచ్చు దినములలో, లేదా యొక్కొక్కయేట ఆ దినముననే, డిసెంబరు 3వ తేదీ పడును. అది పునీత ఫ్రాన్సిసు శౌరివారి దినము. గ్జేవియరు అను పేరును తెలుగు కతోలికులు శౌరి యని మలచుకొనిరి. పేతురు రాయప్పయు, పౌలు చిన్నప్పయు నయినట్లే, మా వంశములందు శౌరయ్యలు, శౌరమ్మలు తరతరములుగా నున్నారు. బాల్యమున మా నాయనగారు భాగవతము చదివించునపుడు శ్రీకృష్ణునికి శౌరి యను పేరు కనబడగా, మా చుట్టములందరును కృష్ణుని పేరింటివారా యని నేనడిగితినట. నాయనగారు చాల దినములు దానిని చెప్పి నవ్వెడివారు.

ఆ దినమున శౌరివారి చరిత్రమును మరల చదువుచుండగా, నేను పలుమారు చదివియు గమనింపని విషయము కంటబడినది. ఆయన 1506లో నవార్రె దేశమున పుట్టి, 1542లో గోవాకు వచ్చి, పాండ్యదేశపు సముద్రతీరముననున్న పల్లెకారుల నడుమ తిరిగి, మలక్కాకు, అచ్చటినుండి తూర్పు ద్వీపములకు పోయి, 1549లో జపాను చేరెను. తరువాత చీనాదేశమునకు పోవలెనని కోరిక. ఆ కాలమున పరదేశులకు చీనాలో ప్రవేశము లేదు. తీరమునకు సమీపమున షాంగ్‌చువాన్ అను ద్వీపమున దిగి, తన్ను రహస్యముగ నావపై దాటించుటకు ఒక చీనా వర్తకునితో ఏర్పాటు చేసికొనెను. కూలి మిరియములు. వచ్చెదనన్న దినమున ఆ నావ రాలేదు. మరునాడును రాలేదు. చలిలో జ్వరము సోకినది. 1552 డిసెంబరు 3వ తేదీన, చీనాతీరము ఎదుటనుండగనే, ఆయన ఆ ద్వీపమున మరణించెను. వయస్సు 46 సంవత్సరములు. 1622లో శ్రీసభ ఆయనను పునీతునిగా ప్రకటించినది. దేహము గోవాలోని బొం జెసూ దేవాలయమున నున్నది.

అనగా ఎదురుచూపు ఫలింపక మరణించిన పునీతుని, శ్రీసభ ఎదురుచూపుల కాలపు మొదటి దినములలోనే మన ముందుంచుచున్నది. ఇది నాకు ధైర్యము గొల్పినది. తేదీ లేని నిరీక్షణమును శ్రీసభ యెరుగును. మరియొక్క మాట. ఆ 1552లోనే, ఆయన మరణమునకు రెండు నెలల ముందు, అక్టోబరు 6న, ఇటలీ దేశమున మత్తెయో రిచ్చి యను శిశువు పుట్టెను. శౌరివారు చేరిన యేసుసభలోనే యతడును చేరి, 1583లో చీనాలో ప్రవేశించి, చీనాభాషను క్షుణ్ణముగ నేర్చి, 1601లో పెకింగు రాజధానిని చేరెను. నావకై చూచి చూచి కన్నుమూసిన యాయనకు, తానెదురుచూచునది అప్పటికే యొక తల్లి యొడిలో పాలు త్రాగుచున్నదని తెలియదు.

ఇదంతయు నేను సంతోషముతో పోయి అత్తకు చెప్పితిని. ఆమె శ్రద్ధగా విని, "మంచి కథయే. కాని యాయన యిల్లు విడిచి పోయినవాడు. నేను ఇంటనున్నదానను. ఇంటనుండి కాచుకొనినవారిలో పునీతులు లేరా మీకు?" అని యడిగెను. ఈమారు నా యొద్ద సమాధానమున్నది. అది మోనికమ్మ కథ.

ఆఫ్రికా ఉత్తరతీరమున నుండిన యీ యిల్లాలి కుమారుడు అగుస్తీను. గొప్ప పండితుడు, కాని తల్లి నమ్మిన మార్గమును విడిచి వేరుదారుల తిరుగుచుండెను. 383లో అతడు రోముకు పోదలచెను. పోవలదని, పోయినచో తన్నును తీసికొనిపొమ్మని తల్లి రేవువరకు వెంబడించెను. స్నేహితుని సాగనంపుటకే వచ్చితినని యతడు బొంకి, ఆ రాత్రి ఆమె సమీపముననున్న గుడిలో ప్రార్థించుచుండగా నావనెక్కి పోయెను. తెల్లవారి చూచునప్పటికి రేవులో నావ లేదు. ఆమె యేడ్చెను. ఏడ్చి, యింటికి పోయి, తన పనులు తాను చేసికొనుచు ప్రార్థన మానకుండెను. తరువాత తానే సముద్రము దాటి కుమారుని చేరెను. 387లో ఈస్టరునాడు అతడు మిలాను నగరమున జ్ఞానస్నానము పొందెను. ఆ యేడే, ఇంటికి మరలు దారిలో, ఆమె మరణించెను. ఈ బొంకు సంగతిని వ్రాసినవాడు ఆ కుమారుడే. అతడు పునీత అగుస్తీను.

మోనికమ్మ పండుగ ఆగస్టు 27. మన కడప మేత్రాసనము 1976లో ఏర్పడినది. ఆ మేత్రాసనమునకై 1992లో గురుపట్టము పొంది, బద్వేలు మొదలగు చోట్ల విచారణగురువుగ నుండిన పూల ఆంథోనిగారు 2022లో తెలుగువారిలో మొట్టమొదటి కార్డినలైరి. రోములో వారికా పదవి యీయబడిన దినము ఆగస్టు 27, తల్లుల నిరీక్షణకు గుర్తయిన ఆ మోనికమ్మ దినమే.

అత్త మోనికమ్మ కథకు కన్నుల నీరు పెట్టుకొనెను. నేను ఆ మాటతో లేచి రావచ్చును. కాని అప్పుడు ఆ చిన్నపిల్ల అరుగుమీద బొగ్గుతో గీతలు గీయుచుండెను. అక్షరములు కావు, ఉత్త గీతలు. చాల దినములుగా నాకు తెలిసియు నేను పలుకక యూరకున్న సంగతి యిది: ఆ పిల్లకు ఆరేండ్లు నిండియు అక్షరాభ్యాసము కాలేదు. అంగన్‌వాడికి పోయి ఆడుకొని వచ్చుటయే గాని బడిలో చేర్చలేదు. తల్లి వచ్చి, తన చేతులతో బియ్యములో దిద్దించవలెనని అవ్వ పట్టుదల. చెవులు కుట్టించుటయు తల్లి వచ్చిన పిమ్మటనే. క్రొత్త పట్టులంగాయు తల్లి వచ్చిన పిమ్మటనే. ఆ యింట సమస్తమును తల్లి వచ్చిన పిమ్మటనే. ఆ పిల్లకు తల్లి రాక యొక పండుగ కాదు, తలుపునకు వేసిన తాళము. బడిపంతులు భార్యనై యుండియు, పరుల యింటి విషయము గదా యని నేను మౌనముగ నుంటిని. ఆ తప్పు నాది.

పునీత బెర్నార్డు అను మహనీయుడు (1090-1153) క్రీస్తు రాకలు మూడని బోధించెను. ఒకటి బెత్లెహేమున జరిగినది. ఒకటి కాలాంతమున జరుగనున్నది. ఈ రెంటి నడుమ, ఎవరికిని కనబడక, దినదినము మన హృదయములకు వచ్చునది మూడవది. మొదటిదానిని తలచుకొనుచు, చివరిదానికై చూచుచు, నడిమిదానిని గుర్తింపనివారు కాచుకొనుట యెరుగనివారు. నేను అత్తతో ఈ సిద్ధాంతమును చెప్పలేదు. "అత్తా, నీవెవరికై కాచుకొనుచున్నావో యామె రక్తమే యీ యరుగుమీద గూర్చున్నది. నీ కూతురు వచ్చిననాడు బిడ్డను చూచి, నా కొరకు దాచితివా అని సంతోషించునా, నా కొరకు ఆపితివా అని దుఃఖించునా?" అని మాత్రమంటిని. ఆమె బదులాడలేదు. కోపించెనని భయపడితిని. రెండు దినములు మా యింటికి రాలేదు.

మూడవనాడు వచ్చి, "ధనుర్మాసము ప్రవేశించిన శూన్యమాసమగును. అంతకుముందే గురువారము మంచిదట. అయ్యవారిని తీరికగా నుండుమని చెప్పుము" అనెను. ఆ గురువారము పళ్ళెములో బియ్యము పోసి, పసుపు కొమ్ముతో ఆ పిల్ల వ్రేలు పట్టి వ్రాయించిరి. కువైటునుండి తల్లి ఫోనులో చూచినది. ఆమె యేడ్చుచుండుటచే మాట సరిగా వినబడలేదు. పిల్ల మాత్రము బియ్యపుగింజలు క్రింద పడుచున్నవని చింతించుచుండెను.

సోదరీమణులారా! ఈ కథను చెప్పుటలో నా యుద్దేశ మొక్కటియే. ఎదురుచూచుట వేరు, ఆగిపోవుట వేరు. మా అవ్వల కాలమున దివ్యపూజ లాటిను భాషలో జరిగెడిది. 18వ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును వేదాంతరసాయనమను పేర తెలుగు కావ్యముగ రచించియుండెను. కాని పూజాపీఠమునకు తెలుగు చేరుటకు, రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న, అదియు నొక ఆగమనకాలముననే, దేశభాషల కనుమతినిచ్చు శాసనమును వెలువరింపవలసి వచ్చినది. అంతవరకు మా అవ్వలు తెలియని భాషలో పూజ జరుగుచున్నదని చేతులు ముడుచుకొని కూర్చుండిరా? లేదు. గురువు లాటినులో పూజించుచుండగా, వారు క్రింద గూర్చుండి తెలుగులో జపమాల చెప్పుకొనిరి. తెలుగు పూజ వచ్చునాటికి నోటిలో తెలుగు ప్రార్థన సిద్ధముగ నుండెను. నిరీక్షణమనగా నదియే.

దీనికి వ్యతిరేకమైన దోషమొకటి మా యిండ్లలో ప్రవేశించినది. పట్టణములందు డిసెంబరు మొదటివారమునుండియే సెమీ క్రిస్మసను పేర విందులు మొదలగుచున్నవి. అరిసెలు, కేకులు, క్రొత్త చీరలు, పాటలు అన్నియు ముందే యగును. 25వ తేదీ వచ్చునప్పటికి పిల్లలకు విసుగు, తల్లులకు నడుమునొప్పి మిగులును. 26వ తేదీన నక్షత్రమును దింపివేయుదురు. నిజమునకు ఆనాడు పండుగ ముగియలేదు. క్రీస్తుజయంతికాలము పండుగతోనే మొదలై జనవరిలో ప్రభువు జ్ఞానస్నానపు పండుగవరకు సాగును. ఒకరు ఎదురుచూపు పేర జీవితము నాపుదురు. మరియొకరు ఎదురుచూడలేక పండుగను పచ్చికాయగనే కోసికొందురు. పసుపుచేనిని త్రవ్వి చూచినవాడును మరచినవాడును ఒక్కటియే యని మొదట వ్రాసితిని గదా!

కావున ఈ నాలుగు వారములకు నా విన్నప మల్పము. మొదటివారమున మీ యింట "తరువాత చూతము" అని మూలబెట్టిన మంచిపని యేదియో వెదకుడు. రెండవవారమున దానిని మొదలిడుడు. 6వ తేదీన వచ్చు పునీత నికోలాసుగారు, పెండ్లి కాని ముగ్గురు బీదకన్యల యింట రాత్రివేళ తన పేరు తెలియనీయక బంగారము వైచెనని ప్రతీతి. మీరును ఒక దుప్పటినో ఒక పిల్లవాని ఫీజునో అట్లే నిశ్శబ్దముగ నిచ్చుడు. మూడవవారమున పాపసంకీర్తనము చేయుడు. అన్యమతస్థులగు సోదరీమణులు మాటలు మానిన బంధువుతో మరల మాటాడుడు. అదియు పాపసంకీర్తనమునకు చాల దగ్గరిది. నాలుగవవారమున కొంచెము మౌనముగ నుండుడు.

ఆ చివరి దినములలో, డిసెంబరు 17 మొదలు 23 వరకు, సాయంకాల ప్రార్థనయందు దినమున కొక్క పేరుతో ప్రభువును పిలుతురు. జ్ఞానము, ప్రభువు, యిషాయి వేరు, దావీదు తాళపుచెవి, ఉదయకాంతి, జనముల రాజు, ఇమ్మానుయేలు అని ఏడు పేరులు. లాటినులో ఈ పేరుల తొలియక్షరములను చివరినుండి మొదటికి కూర్చి చదివినచో "ఏరో క్రాస్" అను మాట లగును. రేపు ఉందును అని యర్థము. సరిగా ఆ దినములలోనే మా ప్రక్కింట ధనుర్మాసపు ముగ్గులు పడుచుండును. తెల్లవారకముందే రెండు వాకిళ్ళలోను దీపములు వెలుగును.

అత్త కూతురు ఇంకను రాలేదు. వత్తునను ఫోను మాత్రము వచ్చుచున్నది. పిల్ల యిప్పుడు బడికి పోవుచున్నది. తెలుగు వాచకమును కూడబలుకుకొని చదివి, శుక్రవారమునాడు తల్లికి ఫోనులో వినిపించును. వత్తులు మాత్రము తప్పుచున్నవని అయ్యవారి ఫిర్యాదు. మొన్న తోడుకు వచ్చినపుడు అత్త మా యిత్తడి పళ్ళెమును చూచి, వేప రెమ్మలు తమ పెరటినుండి తెత్తునని, మొదటి కొవ్వొత్తిని పిల్లచేత వెలిగింపజేయుమని చెప్పి వెళ్ళినది.